మూడో ముద్ద

సాక్షి నమోదు 208

నీళ్ళ యంత్రం ఈ ఉదయం మళ్ళీ మొరాయించింది. సముద్రం గుమ్మం దాకా వచ్చి కూర్చున్న ఊరు మా మిట్టరేవు. అయినా గుక్కెడు మంచినీళ్ళ కోసం ఆ డొక్కు యంత్రాన్ని రోజూ కాలితో తన్నాలి. తన్నితే చెంబెడు ఇస్తుంది. బతిమాలితే ఏమీ ఇవ్వదు. సర్కారు తయారీ కదా, పెంపకం అలాంటిది.

ఆ చెంబెడు తాగి శిక్షాగృహానికి వెళ్ళేసరికి కొత్త కేసు వచ్చి ఉంది. ముద్దాయి దాలినాయుడు. బళ్ళు బాగుచేస్తాడు. మొన్న బావమరిది ఇంట్లో విందుకు వెళ్ళి రెండు గ్లాసుల సారా తాగాడు. బుద్ధిమంతుడే, తాగి బండి నడపకూడదని తెలుసు. వెనక ఎండుచేపల బుట్టలు నిండి ఉంటే ముందు సీటులో కూర్చుని, "ఇంటికి పో" అని బండికి చెప్పి నిద్రపోయాడు. బండి తనంతట తనే నడిచింది, చక్కగా నడిచింది. దారిలో ఇతని ఊపిరి వాసన పట్టి, చక్కగానే పోలీసు గుమ్మం ముందు ఆగింది. ముందు సీటులో ఉన్నవాడే డ్రైవరని చట్టం. స్టీరింగు చక్రం పట్టుకోలేదు మహాప్రభో అంటే, ఈ బళ్ళకి చక్రం తీసేసి ముప్పై ఏళ్ళయింది కదా, పట్టుకోకపోవడం ఏమి గొప్ప అన్నారట. సారా కొట్టు సర్కారుది. పట్టుకునే గుమ్మమూ సర్కారుదే. ఆ రెండింటి మధ్య రోడ్డు ఒక్కటే మనది.

అక్కడితో అయిపోయేది. కానీ అతను ఒక కంబళి కప్పుకుని ఉన్నాడు. సంతలో కొన్న పాత కంబళి. దాని మడతలో చిటికెడు గంజాయి పొడి అంటుకుని ఉంది. ఎవరు ఎప్పుడు చుట్టి మోశారో ఆ కంబళికే తెలియాలి. కిలో లోపు దొరికితే మందలించి వదిలేస్తారు. దొరికిన సరుకును, అది దేనికి అంటుకుని ఉందో దానితో కలిపి తూచడం పద్ధతి. కంబళితో సహా తూచారు. ఆ రాత్రి వాన. తడిసిన కంబళి రెండు కిలోలు దాటింది. ఆరబెట్టి తూచండి బాబూ అని దాలినాయుడు వేడుకుంటే, సాక్ష్యాన్ని ఎండలో వెయ్యడం మరో నేరమని హెచ్చరించారు.

తాగి నడిపినందుకు ఆరేళ్ళ చీకటి, గంజాయి ఉంచుకున్నందుకు ఆరేళ్ళు. రెండూ ఒకే రాత్రి దొరికితే మాత్రం కూడరు, హెచ్చిస్తారు. ఈ పద్ధతి పెట్టిన మంత్రిగారు చిన్నప్పుడు ఎక్కాల్లో ఫస్టు వచ్చేవారని విన్నాను. నేను బడి మొహం చూసినవాణ్ణి కాను. పొట్లాలు కట్టిన కాగితాలు చదివి చదువుకున్నవాణ్ణి. కనుక ముప్పై ఆరు ఎలా వచ్చిందో నాకు అర్థమైంది కానీ, ఎందుకు వచ్చిందో అర్థం కాలేదు.

సాక్షి నమోదు 209

సాక్షి ముందుగా ముద్దాయి ఇంటికి వెళ్ళి ఎవరెవరు తింటారో చూసి రావాలి. వెళ్ళాను.

ఇంటి ముందు దాలినాయుడి బండే అతనికి కాపలా కాస్తోంది. నేను లోపలికి వెళుతుంటే దీపపు కన్ను నావైపు తిప్పి, సాక్షినని గుర్తుపట్టి, వినయంగా తగ్గించింది. కోర్టులో ఆ బండి వాంగ్మూలాన్ని జడ్జిగారు మెచ్చుకున్నారట.

తల్లి పైడమ్మ గుమ్మంలోనే ఆపింది.

"నువ్వేనా సాచ్చి తాతవి? తిన్నావా?"

"మీ ఇంట్లో తినకూడదమ్మా."

"ఓలమ్మ! నా ఇంటికొచ్చి ఆకలితో ఎల్లినోడు ఇయ్యాల్టి దాకా నేడు."

"నాతో మొదలవుతుంది లెండి."

లోపల దాలినాయుడు ఒక చిన్న మోటారు విప్పుకుని కూర్చున్నాడు. కళ్ళు మూసుకుని మరలు బిగిస్తున్నాడు. సాధన చేస్తున్నాడని నాకు కాసేపటికి తెలిసింది. భార్య నూకరత్నం నిండు చూలాలు. గోడకు ఆనుకుని పాత చీర చింపి పొత్తిగుడ్డలు కుడుతోంది.

"తాతా, ముద్దలు పెట్టకుండా మొత్తం నానొక్కణ్ణే తినీసినాననుకో. ఏటవుద్ది?" అన్నాడు దాలినాయుడు.

ఏమవుతుందో అతనికీ తెలుసు. మా ఊళ్ళో జైలు లేదు. కంటికి ఒక చుక్క వేస్తారు. ఆ చుక్కలకు తారీఖు తెలుసు. చెప్పిన రోజు దాకా చీకటి, ఆ రోజు తెల్లవారితే వెలుగు. నొప్పి ఉండదు. నొప్పి లేదు కనుక క్రూరత్వం లేదని చట్టం ముందుమాటలోనే రాసుకున్నారు. అయితే తలకు పన్నెండేళ్ళు దాటితే చుక్కలు పనిచెయ్యవు. అప్పుడు కళ్ళే తీసుకుంటారు. తీసినవి పారెయ్యరు, మంచి నడవడిక గలవాడికి పెడతారు. మా వీధిలో టీ కొట్టు సోములు ఎడమ కన్ను అలాంటిదే. అది ఎవరిదో అతనికి తెలుసు. ఆ ఇంటి ముందు నుంచి ఎప్పుడూ నడవడు, చుట్టు తిరిగి పోతాడు.

అందుకే పంపకం. ముద్దాయి తన చేత్తో అన్నం కలిపి ముద్దలు పెడతాడు. ఎవరు మింగితే వాళ్ళకు సమానంగా ఒక వాటా. మన ఇళ్ళల్లో అమ్మ ఆవకాయ అన్నం కలిపి చుట్టూ కూర్చున్న పిల్లలకు పెట్టేదే, దాన్నే చట్టం చేశారు. ప్రజల ఆచారాల నుంచి పుట్టిన చట్టమని చెప్పుకుంటారు. నిజమే, పుట్టింది అక్కడి నుంచే.

"కళ్ళు పోతాయి నాయనా," అన్నాను.

"నాయే గదా, పోనీ."

పైడమ్మ చీపురు విసిరికొట్టింది. "నీయేటి? అయి నువ్వు సంపాదించినావా? నాను కన్నాను ఆ కళ్ళు! నాను తింటాను, నువ్వు నోరు మూసుకుని పెట్టు."

తల్లీ కొడుకూ తింటే చెరి పద్దెనిమిది. నాలుగు కళ్ళూ పోతాయి. మూడో తల కావాలి.

"మా అన్న తింటానన్నాడు," అంది నూకరత్నం, సూది మీంచి కళ్ళెత్తకుండా. "ముగ్గురికీ పన్నెండేసి. సరిపోద్ది."

"నువ్వు మాత్రం తినకు," అన్నాడు దాలినాయుడు.

"ఎవరు తింతానన్నారు?"

ఆమె తింటే రెండు తలలు లెక్క, కడుపులోది కూడా మింగినట్టే. ఇది సర్కారు బుర్రలో పుట్టినది కాదు, పాపం. తలలు పెరిగితే వాటా తగ్గుతుందని ఒక తెలివైన మొగుడు దావా వేసి గెలిచాడు. ఊళ్ళో అతనికి శాలువా కప్పారు. ఆ సభలో నేనూ పులిహోర తిన్నాను. తరవాత అతని పిల్లకు పుట్టిన పూటే చుక్కలు వేశారు. ఆ రోజు శాలువా వాళ్ళెవరూ రాలేదు. పులిహోరా లేదు.

సాక్షి నమోదు 211

నూకరత్నం అన్న గురువులు తానే నా గదికి వచ్చి మాట ఇచ్చిపోయాడు. మనిషి బలంగా ఉన్నాడు, గొంతు ఇంకా బలం.

"సారా పోసింది నానే, తాతా. రొండో గ్లాసు బావొద్దంటే, నా మీద ఒట్టని పోసినాను. పంచుకోపోతే నానేటి మనిషిని?"

"ఆ మాట ముద్ద మింగాక చెప్పు నాయనా. ముందు చెప్పినవి నేను చాలా విన్నాను."

"నీకు మడుసులంటే నమ్మకం నేదా?"

"ఉంది. అందుకే రాసుకుంటున్నాను."

నవ్వాడు. వెళుతూ నా నీళ్ళ యంత్రాన్ని ఒక్క తన్ను తన్నాడు. బిందెడు ఇచ్చింది.

సాక్షి నమోదు 213

ఇవాళ భోజనం.

సాక్షి ఆకలితో రావాలి. నిన్న పొద్దుటి నుంచి తినలేదు. యంత్రాలనే సాక్షులుగా పెట్టవచ్చు కదా అని చట్టం చేసేటప్పుడు ఎవరో అడిగారట. ఆకలి తెలియనిది భోజనానికి ఏం సాక్ష్యం చెబుతుంది, ఆకలి ఉండి కూడా తిననివాడి మాటే నిజం అని ఒక పెద్ద జడ్జి సెలవిచ్చారు. ఆయన ఆ మాట భోంచేసి వచ్చాకే అని ఉంటారు. నా ఉద్యోగం మాత్రం అలా పుట్టింది.

శిక్షాధికారిణి మృదుల గారు అన్నీ సిద్ధం చేయించారు. చాలా మంచి అమ్మాయి. ఎవరినీ ఏకవచనంతో పిలవదు. వేడి అన్నం, ఆవకాయ, నువ్వుల నూనె. నిజం మామిడికాయ చూసి ఎన్నాళ్ళయిందో! సర్కారు ఈ ఒక్క భోజనానికి మాత్రం లోటు చెయ్యదు. ఆవకాయ గురించి చెప్పాలంటే చాలా ఉంది. కారం నాలుక మీద కాక చెవుల దగ్గర తెలియాలి, టెంక పక్క ముక్కకే రుచి... సరే. తరవాత.

గురువులు ఆలస్యంగా వచ్చాడు. దవడ కింద నుంచి నడినెత్తి దాకా గుడ్డ కట్టుకుని వచ్చాడు. నోట్లో దూది, దూది నిండా రక్తం.

"ఏటన్నా ఇది?" అంది నూకరత్నం.

"పన్ను... రాత్రి ఒకటే పోటు. పీకించీసినాను. డాట్రు మూడు దినాలు ఏటీ మింగొద్దన్నాడు." కాగితం చూపించాడు. మృదుల గారు చదివి, "పాపం, నొప్పిగా ఉందాండీ?" అని అడిగి, అతని పేరు కొట్టేశారు. పంపకం ఇవాళే, వాయిదా లేదు.

"ఏ పన్ను?" అన్నాను.

నోరు తెరిచి చూపించాడు. రెండు పీకించాడు. ఒకటి చాలదనుకున్నాడు కాబోలు. మిగిలినవన్నీ గుర్రప్పళ్ళు, ఒక్కదానికీ పుచ్చు లేదు. ఏడుస్తున్నాడు. దొంగ ఏడుపు కాదది. పిరికివాళ్ళ కన్నీళ్ళు కూడా వేడిగానే ఉంటాయి.

దాలినాయుడు అన్నం కలపడం మొదలుపెట్టాడు. మొదటి ముద్ద తనే మింగాడు. రెండో ముద్ద పైడమ్మ అతని చేతిలోంచి లాక్కుని మింగింది. చెరి పద్దెనిమిది. గది గోడ మీద అంకె వెలిగింది. తలుపు వెనక కళ్ళు తీసే డాక్టరు చేతులు కడుక్కుంటున్న చప్పుడు.

"కోడలా," అంది పైడమ్మ. "రా. నువ్వు తింటే నలుగురికీ తొమ్మిదేసి. తొమ్మిదేళ్ళు ఏటుంది, బేగి అయిపోద్ది."

"అమ్మా, దాన్ని ఒగ్గీ," అన్నాడు దాలినాయుడు. "కడుపులో గుంట ఏ సారా తాగింది?"

"ఏ సారా తాగినానని నాను గుడ్డిదాన్నయిపోతన్నాను? మన కళ్ళు మిగిల్తేనే గదా గుంటని పెంచేది! జన్మంతా నీ కళ్ళు ఎవుడి మొకం మీదో సూడమంతావా దాన్ని?"

నూకరత్నం లేచి వచ్చి భర్త ఎదురుగా కూర్చుంది. కుడిచెయ్యి చాపింది. ఎడమచెయ్యి పొట్ట మీద పెట్టుకుంది, లోపలిదాని చెవులు మూసినట్టు.

దాలినాయుడి చెయ్యి ముద్దతో గాలిలో ఆగింది. మృదుల గారు గడియారం చూశారు.

నేను ఏడు పదులు దాటినవాణ్ణి. పన్నెండేళ్ళు నా దగ్గర ఎలాగూ లేవు. లేని సొమ్ము దానం చెయ్యడానికి ఎంత ధైర్యం కావాలి? ఇద్దరుంటే పద్దెనిమిది, మూడో తల ఉంటే పన్నెండు. ఆమె చేతి మీద నా చెయ్యి పెట్టాను. ముద్ద నా అరచేతిలో పడింది. మింగాను.

బాగుంది. అదే నాకు ఒళ్ళు మండించింది.

గోడ మీద అంకె పన్నెండుకు మారింది. ఒక్క క్షణమే. తరవాత ఆరిపోయింది.

సాక్షి నమోదు 214

మృదుల గారు నన్ను కూర్చోబెట్టి, మంచినీళ్ళు ఇప్పించి, నెమ్మదిగా చెప్పారు.

"తాతగారూ, తిన్న సాక్షి సాక్షి కాదు. సాక్షి లేని భోజనం పంపకం కాదు. కనుక నిన్నటిది జరగనట్టే. ముప్పై ఆరూ మళ్ళీ దాలినాయుడు గారి మీదకే వెళ్ళాయి. రేపు కొత్త సాక్షితో మళ్ళీ పెడతాం."

"జరగనట్టే అయితే నేనూ తిననట్టే కదమ్మా."

"లేదండీ. మింగినది మింగినదే. మీ పన్నెండూ మీవే."

"నా పన్నెండు అతని ముప్పై ఆరులోంచి పోవా?"

"భోజనమే చెల్లనప్పుడు ఎలా పోతాయండీ?" నిజంగా బాధపడింది. "ఇప్పుడు కారణం రాయాలి. ఎందుకు తిన్నారు?"

"ఆ కడుపులో బిడ్డ కోసం."

ఆమె కలం ఆపింది. తలుపు మూసి వచ్చింది.

"అలా రాస్తే కుట్ర అవుతుంది తాతగారూ. ముద్దాయి ఇంటివాళ్ళు సాక్షిని లోబరుచుకున్నట్టు. దానికి ఇంకో ఆరు. అదీ హెచ్చించే కేసే. ఆకలి అని రాయనా?"

ఆరో ఎక్కం నాకు వచ్చు. ముప్పై ఆరు ఆర్లు ఎంతో వేలు ముడిచి చూసుకుని, మళ్ళీ విప్పేశాను.

"రాయమ్మా," అన్నాను.

రాసింది. "సాక్షి బుచ్చిలింగం, వృద్ధుడు. ఆకలి ఆపుకోలేక ముద్దాయి ముద్ద తిన్నాడు." చదివి వినిపించింది. సంతకం పెట్టాను. తిండి మీద ఇన్నేళ్ళు నోరు కట్టుకున్న మనిషిని, చివరికి కాగితం మీద తిండిపోతుగా మిగిలాను. ఆవకాయ గురించి చెబుతానన్నాను కదా. అక్కర్లేదు. ఇక దాని రుచి చెప్పబుద్ధి కావడం లేదు.

సాక్షి నమోదు 215

ఇది నా చివరి నమోదు. అసలు సాక్షిని కాను కనుక నంబరు వెయ్యకూడదు. అలవాటుగా వేశాను.

చుక్కల గది బయట బల్ల మీద కూర్చోబెట్టారు. కాసేపటికి వాళ్ళు ముగ్గురూ వచ్చి అదే బల్ల మీద కూర్చున్నారు. రెండో భోజనం అయిపోయింది. కొత్త సాక్షి కుర్రవాడట, గట్టివాడట, చేతులు కట్టుకుని కూర్చున్నాడట. తలకు తొమ్మిది.

పైడమ్మ నా వైపు తిరిగి ఉమ్మింది.

"ముసిలోడా! ఒక్క పూట కడుపు మాడ్సుకోలేకపోనావా? నీ పాడు ఆకలి కోసరం నా కోడలు రొండు దినాలు సచ్చి బతికింది!"

నిన్న రాసిన కారణం ఈ పాటికి ఊరంతా తెలిసి ఉంటుంది. జవాబు చెబితే కుట్ర. దాలినాయుడు తల దించుకున్నాడు. అతను ఏమనుకున్నాడో నాకు తెలియదు.

నూకరత్నం మాత్రం నా అరచేతి వైపు చూస్తూ కూర్చుంది, లోపలి నుంచి పేరు పిలిచే దాకా. కళ్ళతో ఆమె చివరిగా చూసినది అదేనేమో. మంచి చెయ్యి కూడా కాదు. గోళ్ళ సందుల్లో ఇంకా కారం ఎరుపు ఉంది.

నంబరు లేనిది

అట్ట ముక్కకు వరసగా దారాలు కట్టుకుని, వాటి మధ్య రాస్తున్నాను. గీత మీద గీత పడితే మన్నించాలి.

చీకటి గురించి పెద్దగా చెప్పడానికి లేదు. నీళ్ళ యంత్రం ఎక్కడ తన్నాలో కాలికి తెలుసు. నా గదికి దీపాల కరెంటు తీసేశారు. చీకటి ఇళ్ళకు దీపం దుబారా అట. టీ కొట్టు సోములు రోజూ ఒక గ్లాసు టీ తెచ్చి చేతిలో పెడతాడు, డబ్బు అడగడు. ఏ కంటితో చూసి జాలిపడుతున్నాడో అడగాలని ఉంటుంది, అడగను.

దాలినాయుడు మరలు బిగిస్తున్నాడు, తప్పు లేకుండా. బండిని గురువులు తిప్పుతున్నాడు. తాగడం మానలేదు. ముందు సీటు ఖాళీగా వదిలి, వెనక ఎండుచేపల బుట్టల మీద కూర్చుని వెళతాడట. బండి అతన్ని ఏమీ అనదు. చట్టం తెలిసిన బండి.

ఇవాళ గోడ పట్టుకుంటూ నూకరత్నం వచ్చింది. కాన్పయి వారం. బిడ్డ ఏడుపు ముందు వచ్చింది, ఆమె తరవాత.

"తాతా, తిన్నావా?"

ఆ ప్రశ్న అడిగే హక్కు ఈ ఊళ్ళో ఆమెకొక్కతెకే ఉంది.

"తిన్నానమ్మా. ఏం పిల్ల?"

"ఆడగుంట." ఒళ్ళో పెట్టింది. అంత బరువు లేదు. తడి కంబళి కంటే చాలా తేలిక.

"చుక్కలు?"

"మంత్రసాని బొడ్డు కొయ్యకముందే వొచ్చీసినారు. మృదులమ్మ వొచ్చింది. గుంట బాగుందని సెప్పింది. బాగుండడం ఎలాగుందని అడిగితే ఎల్లిపోనాది."

"ఎవరి పోలిక?"

"తడిమి సూసినాను తాతా. ముక్కు ఆయనదే. సెవులు అత్తవి. గెడ్డం మా అన్నది, సచ్చినోడు, ఆడి గెడ్డమే వొచ్చింది."

"కళ్ళో?"

పొత్తిగుడ్డ సర్దుతున్న చప్పుడు వినిపించింది.

"ఆటిని ముట్టుకోనీదు తాతా. ఏలు దగ్గరకెడితే సాలు, మళ్ళీ సుక్కలనుకుని ఏడిసీస్తాది."